పందిరి కట్టిన చేతులు

మా అమ్మాయి పెళ్ళి 2020 శ్రావణమాసంలో అయింది. ఆ ఏడాది ఇంట్లో పెళ్ళి చేసినవాళ్ళకి ఇంతకంటే వివరం చెప్పక్కర్లేదు. ముందు వైశాఖంలో అనుకున్నాం. కల్యాణమండపానికి అడ్వాన్సు కూడా ఇచ్చేశాం. మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఆ తర్వాత పెళ్ళికి 50 మందికి మించకూడదన్నారు. పీటల మీద కూర్చునేవాళ్ళు, పురోహితుడు, మేళంవాళ్ళు, వంటవాళ్ళు పోగా ఇక మిగిలేదెంతమంది? "మండపం ఎందుకు, మన పెరడు చాలదా?" అన్నారు మావారు.

పెరడైతే చాలుతుంది. అలంకరణ సంగతేమిటి? డెకరేషన్ అతనికి ఫోన్ చేస్తే, "మనుషులంతా ఊళ్ళకి వెళ్ళిపోయారమ్మా, పూలూ సరిగ్గా రావట్లేదు, నావల్ల కాదు" అన్నాడు. పాపం, అతన్ని అని లాభం లేదు. నేను తల పట్టుకు కూర్చుంటే, వరండాలో బియ్యంలో రాళ్ళు ఏరుతున్న మా అమ్మ తలెత్తకుండానే, "డెకరేషన్ అనే మాటే వినలేదు మా రోజుల్లో. పెళ్ళిళ్ళు జరగలేదేమిటి?" అంది.

ఆ మాటతో మొదలైంది. ఆ పదిహేను రోజులూ అమ్మ చెబుతూ ఉంటే మేము చేశాం. పెళ్ళయ్యాక, ఈ పందిరీ తోరణాలూ అసలు ఎక్కడినుంచి వచ్చాయో తెలుసుకోవాలనిపించి నాకు దొరికినవి చదివాను. అమ్మ చెప్పినవీ, చదివినవీ, నా కళ్ళతో చూసినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు పందిరి గురించి. పందిరంటే నీడ కోసం వేసేదనుకుంటాం. నిజమే. పాతకాలం ఇళ్ళల్లో వందమంది కూర్చునేంత గది ఎవరికుంది? ముఖ్యమైన ముహూర్తాలు చాలావరకు ఎండాకాలంలోనే. కోతలై ధాన్యం ఇంటికొచ్చి ఉంటుంది, చేతిలో నాలుగు డబ్బులాడుతుంటాయి, పొలం పని తగ్గుతుంది, వానలుండవు. కాబట్టి వాకిట్లోనో పెరట్లోనో సరుగుడు బాదులు, వెదుళ్ళు పాతి, పైన తాటాకులో కొబ్బరాకులో పరిచేవారు. తాటాకు పందిరి కింద మిట్టమధ్యాహ్నం నిలబడి చూడండి, ఆ చల్లదనం ఏ రేకుల షెడ్డు కిందా ఉండదు. ఆకుకీ ఆకుకీ మధ్య సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంది. శ్రీరామనవమికి వేసేవాటిని చలువ పందిళ్ళనడం ఊరికే కాదు.

కానీ పందిరి పని నీడతోనే ఆగదు. మొదటి రాట పాతడమే ఒక వేడుక. పాలు కారే చెట్టు కొమ్మ తెచ్చి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, నవధాన్యాలు పసుపుగుడ్డలో మూటగట్టి దానికి కట్టి పాతుతారు. ఆ రాట పడ్డ దగ్గర్నుంచీ అది పెళ్ళివారిల్లు. మా తోడికోడలి పుట్టిల్లు కరీంనగర్ వైపు. వాళ్ళ ఊళ్ళో పచ్చని పందిరంటారట. నేరేడు కొమ్మలు, మామిడి కొమ్మలు తెచ్చి పైన పరుస్తారు. "మీ తాటాకు పందిరి ఎండిపోయినట్టుంటుంది వదినా, మాది చెట్టు కిందే పెళ్ళి చేసినట్టుంటది" అని వెక్కిరిస్తుంది. ఆవిడ వాదన నేను ఒప్పుకోలేదు కానీ, వాళ్ళ ఇంటి పెళ్ళి ఫోటోలు చూశాక కాదనలేకపోయాను కూడా.

తోరణం కథ ఇంకా పాతది. తోరణమంటే మనకి గుమ్మానికి కట్టే మామిడాకుల దండ. పూర్వం ఆ మాటకి ద్వారం, కమాను అనే అర్థం. సాంచీ స్తూపం చుట్టూ ఉన్న నాలుగు రాతి ద్వారాలనీ తోరణాలనే అంటారు. రెండు నిలువు స్తంభాలు, పైన అడ్డంగా మూడు దూలాలు. రాతితో చేశారు గానీ కట్టిన తీరంతా కర్రపనే. కర్ర ద్వారాలు చూసి చూసి రాయిని కూడా అలాగే నిలబెట్టారన్నమాట. దక్షిణ తోరణం మీద శాతకర్ణి రాజు దగ్గర శిల్పులకు పెద్దగా పనిచేసిన ఆనందుడనే అతని కానుక గురించి శాసనం ఉంది. అదే తోరణం మీద ఇంకో శాసనం, విదిశ ఊళ్ళో ఏనుగుదంతం చెక్కేవాళ్ళు ఈ పని చేశారని చెబుతుంది. రెండు వేల ఏళ్ళ కిందట చేతిపని చేసుకునేవాళ్ళు తమ పేరో, తమ వృత్తి పేరో రాయి మీద రాయించుకోగలిగారు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

వరంగల్ కోటలో కాకతీయులు నిలబెట్టిన నాలుగు తోరణాలు మనకి తెలిసినవే. ఇప్పుడు తెలంగాణ రాజముద్రలో ఉన్నది అదే. అమరావతి స్తూపం రాళ్ళ మీదయితే ఒక పొడవాటి పూలదండ అలలు అలలుగా సాగిపోతుంటుంది. దాన్ని మనుషులు భుజాల మీద మోస్తూ ఉంటారు. మెడలో వేసుకునే దండ కాదది, మనిషి నడుమంత లావున్న దండ. మద్రాసు మ్యూజియంలో ఆ రాళ్ళు చూసినప్పుడు మావారు శిల్పం చూస్తుంటే, నేను మాత్రం ఇంత లావు దండ కట్టడానికి ఎన్ని గంపల పూలు పట్టి ఉంటాయో, ఎంతమంది కూర్చుని కట్టి ఉంటారో అని లెక్కలేసుకున్నాను. ఆడవాళ్ళ బుద్ధి అంతేనంటారు ఆయన. పూలు కట్టినవాళ్ళకే ఆ లెక్క తడుతుందని నేనంటాను.

లేపాక్షి వెళ్ళినప్పుడు కల్యాణమండపం తప్పకుండా చూడండి. విజయనగర రాజుల కాలంలో మొదలుపెట్టి పూర్తి చేయకుండా వదిలేశారు. శివపార్వతుల పెళ్ళికి వచ్చిన దేవతలు, ఋషులు స్తంభాల మీద ఉన్నారు, పైకప్పు మాత్రం లేదు. గైడు దాని వెనకున్న విషాద కథేదో చెప్పాడు. నాకు మాత్రం రాటలు పాతేసి, పైన పరిచే ఆకుల బండి కోసం ఎదురుచూస్తున్న పెళ్ళివారి పెరడులా కనిపించింది.

రాళ్ళు మిగిలాయి కాబట్టి వాటి సంగతి తెలుస్తోంది. అసలైన ఆకు పందిళ్ళు పదహారు రోజులకి పీకేసేవే. వాటిని వేసినవాళ్ళ చరిత్ర కూడా వాటితోనే పోయింది. ఊళ్ళల్లో పెళ్ళి పందిరి ఒక్క ఇంటివాళ్ళ పని కాదు. రంగులద్దిన కుండలు కుమ్మరి ఇంటినుంచి మేళతాళాలతో తెచ్చుకోవాలి. తెలంగాణలో ఐరేని కుండలంటారు. వాటి మీద సున్నంతో, ఎరుపుతో వేసే గీతలు కుమ్మరింటి ఆడవాళ్ళ చేతి పనే చాలాచోట్ల. పెళ్ళికూతుర్ని మేనమామ ఎత్తుకొచ్చే గంప, తలంబ్రాల తట్ట మేదరివాళ్ళు అల్లేవారు. పందిరి కింద పైకప్పులా ఉతికిన తెల్లబట్టలు కట్టడం, పెళ్ళివాళ్ళ మీద ఉల్లెడ పట్టడం చాకలివాళ్ళది. ఎంత అందంగా కట్టినా వాళ్ళకి దక్కేది ఇంత ధాన్యం, ఒక బట్ట. ఆ పందిట్లో బంతిలో కూర్చుని తినే మర్యాద మాత్రం లేదు. పాతకాలం పెళ్ళిళ్ళు ఎంత బావుండేవో అని మనం మురిసిపోయేటప్పుడు ఈ సంగతి కూడా అనుకోవాలి.

ఇక ఇంట్లో ఆడవాళ్ళ పని. అది ఎక్కడ నేర్చుకునేవారంటే బొమ్మల పెళ్ళిళ్ళలో. వేసవి సెలవుల్లో తాటాకు బొమ్మలు చేసి, ఒక ఇంటి పెళ్ళికూతురికీ ఇంకో ఇంటి పెళ్ళికొడుక్కీ పెళ్ళి చేసేవాళ్ళం కదూ! జానెడు పందిరి, వేలెడు తోరణం, అగ్గిపెట్టె మీద గుడ్డ పరిస్తే పీట, అమ్మ చేసిచ్చిన పులిహోరతో భోజనాలు. ఆటే అనుకున్నాం. బాసికం దారం ఎంత పొడుగుండాలో, అడ్డుతెర ఏ ఎత్తులో పట్టాలో, కొబ్బరి బొండానికి పసుపు ముందా కుంకుమ ముందా అనేవన్నీ నాకు ఆ బొమ్మల దగ్గరే తెలిశాయి.

ఒక్కొక్కటీ ఎలా చేసేవారో రాస్తే ఇది పుస్తకమవుతుంది. రెండు మూడు మాత్రం చెబుతాను. బాసికం ఇప్పుడు ముత్యాలూ రాళ్ళూ అంటించినది షాపుల్లో దొరుకుతోంది. మా అమ్మవాళ్ళు బెండుతో చేసేవారు. చెరువుల దగ్గర పెరిగే మొక్క కాండం లోపలి తెల్లటి మెత్తటి బెండు. దాన్ని కత్తితో పలుచగా చీరి, రేకులుగా కత్తిరించి, పసుపు దారానికి కుట్టేవారు. నుదుటి మీద ఉన్నట్టే తెలియనంత తేలిక. ఆ బెండుతోనే బెంగాలీవాళ్ళు పెళ్ళికొడుకు కిరీటం చేసుకుంటారు.

పూలజడ సంగతి మీకు తెలుసు. అరటి దొప్పని జడ ఆకారానికి కత్తిరించి, దాని మీద మల్లెమొగ్గలు వరసగా సూదితో కుట్టాలి. మధ్యలో కనకాంబరాలు, అంచుకి మరువం. మొగ్గలు విచ్చుకోకముందే కుట్టడం అయిపోవాలి, అంటే మధ్యాహ్నం మొదలెడితే సాయంత్రం లోపల. ఇద్దరు కుట్టేవాళ్ళు, ఒకరు మొగ్గలు అందించేవాళ్ళు ఉండాలి. అంత కష్టపడి వేసిన జడ వెనక్కి ఉంటే ఫోటోలో ఎలా పడుతుంది? అందుకే స్టూడియోవాడు వెనకాల నిలువుటద్దం పెట్టి తీసేవాడు. మీ ఇంటి పాత ఆల్బములో అలాంటి ఫోటో ఒకటైనా ఉండే ఉంటుంది.

మా పశ్చిమ గోదావరిలో ఇంకొకటి ఉంది, లేసు. నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళల్లో క్రైస్తవ మిషనరీల ద్వారా పంతొమ్మిదో శతాబ్దంలో వచ్చిన క్రోషా అల్లిక, క్రమంగా అన్ని కులాల ఇళ్ళల్లోకీ వెళ్ళింది. మా ఇంట్లో అడ్డుతెరకి అంచు లేసే, గుమ్మానికి ఎప్పుడూ ఉండే తోరణమూ లేసే. వేలమంది ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని అల్లినవి విదేశాలకి ఎగుమతి అయ్యేవి. మరియా మీస్ అనే జర్మన్ పండితురాలు వచ్చి వీళ్ళ గురించి పరిశోధన చేసి 1982లో పుస్తకం వేసింది. వీళ్ళు రోజుకి ఎన్నో గంటలు పని చేస్తున్నా ఎవరూ వీళ్ళని పనివాళ్ళుగా లెక్కేయరనీ, తీరికవేళ కాలక్షేపానికి అల్లుకుంటున్న గృహిణులే అంటారనీ, అందుకే కూలి అంత తక్కువనీ ఆవిడ రాసింది. చదివి నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. "మీ ఆవిడ ఏం చేస్తుంది?" అని ఎవరైనా అడిగితే "ఏమీ చెయ్యదండీ, ఇంట్లోనే" అనే జవాబు మనందరం విన్నదేగా. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే.

ఇప్పుడు మా దొడ్డమ్మ గురించి చెప్పాలి. నిజానికి ఈ వ్యాసం మొదలుపెట్టిందే అందుకు.

దొడ్డమ్మ మా అమ్మకి పెద్దక్క. ఆడపిల్లకి 14 ఏళ్ళు నిండకుండా పెళ్ళి చెయ్యకూడదని శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచే అమల్లోకి వచ్చినా, దొడ్డమ్మకి పదకొండో ఏట పెళ్ళి చేశారు. చట్టం పుస్తకంలో ఉంది, పల్లెటూళ్ళో ఎవరు అడుగుతారు? పదహారేళ్ళు వచ్చేసరికి ఆయన విషజ్వరంతో పోయాడు. ఆవిడ పుట్టింటికి వచ్చేసి చివరిదాకా అక్కడే ఉండిపోయింది. మా తాతగారింట్లో జరిగిన ప్రతి పెళ్ళి పందిరీ ఆవిడ చేతిదే.

నాకు ఊహ తెలిసేసరికి కాగితాల రోజులు. ఆకు పందిరి మీద రంగు కాగితాల మోజు వచ్చి పడింది. పెట్రోమాక్స్ దీపాల వెలుగులో ఆ కాగితాలు మెరిసేవి. ఆ దీపం జర్మనీలో 1910 ప్రాంతంలో తయారైంది. కరెంటు రాని మా ఊళ్ళో రాత్రి ముహూర్తాలకి అదే ఆధారం. పెళ్ళికి పదిరోజుల ముందు తాతగారు రాజమండ్రి నుంచి గాలిపటం కాగితాల కట్టలు తెచ్చేవారు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, గులాబీ. దొడ్డమ్మ మైదాపిండి ఉడకబెట్టి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి జిగురు చేసేది. పిల్లలం వేలు నోట్లో పెట్టుకుంటామని ఆ గిన్నె అటక మీద పెట్టేది. కాగితం పదహారు మడతలు పెట్టి రెండు చోట్ల కత్తెర వేసి విప్పితే చేపల వల లాంటి జాలర్లు వచ్చేవి. రేకుల అంచుల్ని చీపురుపుల్లకి చుట్టి లాగితే గులాబీ రేకులా వంపు తిరిగేవి. నమూనాలన్నీ పాత ఆంధ్రపత్రిక కాగితాల్లో కత్తిరించి ట్రంకు పెట్టెలో చీరల మడతల మధ్య దాచుకునేది.

మామిడాకుల తోరణం కూడా ఆవిడ అందరిలా కట్టేది కాదు. ఆకుని తొడిమ వైపు నుంచి సగానికి మడిచి, రెండు చెవులూ లోపలికి తిప్పి, చీపురుపుల్లతో గుచ్చేది. చిలక కూర్చున్నట్టుండేది. ఆ మడత మా అమ్మకి వచ్చు. నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు.

పెళ్ళి ముందురోజు రాత్రి అంతా నిద్రపోయాక, నిచ్చెన పట్టుకోవడానికి పాలేరుని నిలబెట్టి అన్నీ కట్టించేది. తెల్లవారేసరికి వెనకగదిలోకి వెళ్ళిపోయేది. మంగళవాద్యాలు మొదలయ్యాక ఇక బయటికి రాదు. ఎదురుపడితే అశుభం. ఎవరూ ఆవిణ్ణి "రావద్దు" అనడం నేను వినలేదు. అనవలసిన అవసరమే రాలేదు.

మా పిన్ని పెళ్ళికి నాకు ఎనిమిదేళ్ళు. జీలకర్ర బెల్లం అయింది, అడ్డుతెర తీశారు, పందిట్లో గోలగోలగా ఉంది. నేను మంచినీళ్ళ కోసం లోపలికి వెళ్తే వెనకగది కిటికీ దగ్గర దొడ్డమ్మ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. ఆ కిటికీలోంచి పందిరి ఒక మూల మాత్రమే కనిపిస్తుంది. పెళ్ళికూతురు కనిపించదు. నన్ను దగ్గరికి పిలిచి, "ఎడమ రాట దగ్గర గొలుసు జారిపోయింది చూడు. వెళ్ళి మావయ్యతో చెప్పి పైకి కట్టించు" అంది. వెళ్ళి చెప్పాను. మావయ్య తిరిగి నన్నే కసిరాడు, ఇప్పుడా గొలుసుల గొడవ అని. ఆ గొలుసు అలాగే వేళ్ళాడింది. భోజనాలయ్యేదాకా దొడ్డమ్మ దాన్నే చూస్తూ నిలబడింది.

పెళ్ళి అలంకరణల గురించి చదువుతూ కందుకూరి వీరేశలింగంగారి దగ్గరికి వెళ్తానని నేననుకోలేదు. వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. మన తెలుగునాట అది ఒక పందిరి కిందికి రావడానికి పాతికేళ్ళు పట్టింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో, పంతులుగారింట్లో మొదటి వితంతు వివాహం జరిగింది. పోలీసుల కాపలా పెట్టుకోవలసి వచ్చింది. వెలివేస్తామన్న భయానికి వంటవాళ్ళూ, నీళ్ళు తెచ్చేవాళ్ళూ రావడం మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చి, వంట చేసి, వచ్చినవాళ్ళకి పెట్టారు. మనం స్కూల్లో పంతులుగారి గురించి చదువుకున్నాం. బిందె ఎత్తిన ఆవిడ గురించి పాఠంలో ఎంత ఉంది? ఆ ఇంట్లో ఆ రోజు గడపకి పసుపు రాసింది, ముగ్గు పెట్టింది, తోరణం కట్టింది ఎవరో ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు. చేసేవాళ్ళు వేరే ఎవరూ లేనప్పుడు ఆ చేతులు కూడా ఆవిడవే అయ్యుంటాయని నా ఊహ. ఊహే, చరిత్ర కాదు. విదిశ దంతపు పనివాళ్ళకి దక్కిన ఒక్క వరస శాసనం వీళ్ళకి దక్కలేదు.

ఆ ఇంటికీ మా తాతగారింటికీ మధ్య దూరం బస్సులో రెండు గంటలు. ఆ సంస్కరణ రాజమండ్రి నుంచి మా వెనకగదిదాకా రావడానికి మాత్రం తొంభై ఏళ్ళు కూడా చాలలేదు.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను, మీరూ చూసినదే కాబట్టి. షామియానాలొచ్చాయి, సప్లై కంపెనీలొచ్చాయి, ఊరూరా టీటీడీ కల్యాణమండపాలొచ్చాయి, వాటి వెనకే ఫంక్షన్ హాళ్ళు. రాటకి బదులు ఇనప గొట్టం. కాగితాల స్థానంలోకి థర్మాకోల్ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో పెట్టెల్లో సామాన్లు పగలకుండా ప్యాకింగ్ చెయ్యడానికీ, చలివేడి ఆపడానికీ వాడుకలోకి వచ్చిన పదార్థం, మన పెళ్ళిళ్ళలో హంసలూ ఏనుగులూ అయి కూర్చుంది. పెళ్ళికూతురి పేరూ పెళ్ళికొడుకు పేరూ చెక్కిన థర్మాకోల్ గుండె బొమ్మ లేని మంటపం కొన్నాళ్ళు లేనేలేదు. తలంబ్రాల్లో కూడా ఆ రంగు బంతులే. ఫ్యాను గాలికి లేచి కళ్ళల్లో పడి, పాయసంలో తేలి! నాకు వాటంటే కంపరం. అలంకరణకి థర్మాకోల్ వాడకూడదని 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం వచ్చింది. కానీ మొన్నటికి మొన్న ఒక పెళ్ళిలో నా కొంగులోంచి గుప్పెడు బంతులు రాలాయి.

తలంబ్రాలంటే గుర్తొచ్చింది. కోరుకొండ ప్రాంతంలో భద్రాచలం సీతారాముల కల్యాణానికి ప్రత్యేకంగా వరి పండించి, ఆ ధాన్యాన్ని రోట్లో దంచకుండా, మిల్లుకి పంపకుండా, ఒక్కొక్క గింజా గోటితో ఒలిచి పంపిస్తున్నారు. గోటి తలంబ్రాలంటారు. భక్తి సంగతి పక్కన పెట్టండి. ఒక్క దోసెడు వడ్లు గోళ్ళతో ఒలిచి చూడండి, గింజ విరక్కూడదు. నేను ప్రయత్నించాను. అరగంటకి వేళ్ళు మంటలు పుట్టాయి, కప్పులో పావు వంతు నిండలేదు.

మా పెరటి పందిరి దగ్గరికి వస్తాను. సరుగుడు బాదులు కట్టెల అడితీలో దొరికాయి. కొబ్బరాకులు మా చెట్లవే. అరటి చెట్లు పక్కింటివాళ్ళిచ్చారు. మా అబ్బాయి యూట్యూబ్ చూసి కాగితం పూలు చేస్తానని బయల్దేరాడు. అమెరికాలో ఉన్న మా చిన్నాడపడుచు రాలేకపోయింది. వాళ్ళ పెరట్లో పచ్చటి గుడ్డతో మామిడాకులు కత్తిరించి తోరణం కట్టుకుని, దాని కింద కూర్చుని జూమ్‌లో పెళ్ళి చూస్తానంది. అమ్మ ట్రంకు పెట్టె తీయించింది. దొడ్డమ్మ 1994లో పోయాక ఆ పెట్టె అమ్మ దగ్గరికే వచ్చింది. పసుపుపచ్చగా మారిన ఆంధ్రపత్రిక నమూనాలు, ముట్టుకుంటే విరిగిపోయేటట్టున్నవి, బయటికొచ్చాయి. వాటి మీద కాగితం పరిచి మా అమ్మాయి గీసుకుంటే, అమ్మ పక్కన కూర్చుని కత్తెర ఎక్కడ ఆపాలో చెప్పింది. బెండు దొరకలేదు. అట్టముక్క మీద సిల్కుదారం చుట్టి అమ్మే బాసికాలు చేసింది.

నాన్నగారు 2016లో పోయారు. ఈ సంగతి మొదట్లోనే రాయాల్సింది.

పెళ్ళి రెండురోజులుందనగా మా పెద్దాడపడుచు ఫోన్ చేశారు. ఆవిడ మంచావిడే, నా కాన్పులకి ఆవిడే వచ్చి చేశారు. ఏర్పాట్లన్నీ అడిగి చివర్న, "తోరణాలూ, పందిరి గుమ్మానికి పసుపూ ముత్తైదువుల చేత కట్టించు. నువ్వు మర్చిపోతావని చెబుతున్నా" అన్నారు. ఫోన్ స్పీకర్లో ఉంది. అమ్మ ఎదురుగా కూర్చుని బాసికానికి దారం కడుతోంది. నేను "అలాగే వదినా" అన్నాను.

అంతే అన్నాను. వీరేశలింగంగారి సంగతులు ఆ తర్వాత చదివాను గానీ, ఆ క్షణంలో నాకు అనాల్సిన మాట తెలియక కాదు. పెళ్ళి ముందు గొడవెందుకనుకున్నాను. మా తాతగారింట్లో వాళ్ళంతా కూడా ప్రతి పెళ్ళికీ అదే అనుకుని ఉంటారు.

అమ్మ ఏమీ జరగనట్టే దారం కొరికి ముడేసింది. మా అమ్మాయి మాత్రం విననే విన్నది. ఆ సాయంత్రం వంటింట్లో నన్ను నిలదీసింది. "అమ్మమ్మ చేసిన బాసికం నా నుదుటికి కట్టచ్చు, అమ్మమ్మ మాత్రం పందిట్లో ఉండకూడదా?" అంది. ఉండకూడదని నేననలేదే అన్నాను. "ఉండమని కూడా అనలేదు" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. అది వెళ్ళి వాళ్ళమ్మమ్మని అడిగింది. "నాకెందుకే ఈ వయసులో, నేను లోపల కూర్చుని అన్నీ చూస్తాను" అందిట అమ్మ. లోపల అంటే ఏ గదో, ఏ కిటికీయో నాకు చెప్పక్కర్లేదు.

పెళ్ళిరోజు తెల్లవారుజామున మూడున్నరకి లేచాను. పెరటి తలుపు ఓరగా తీసి ఉంది. పందిరి గుమ్మానికి తోరణం కట్టి ఉంది. ముందురోజు సాయంత్రం నేనూ మా తోడికోడలూ కలిసి కట్టిన తోరణం కాదది. మాది తీసేసి పక్కన నీళ్ళ బకెట్టు మీద పెట్టారు. కొత్త తోరణంలో ఒక్కో ఆకూ చిలకలా మడిచి చీపురుపుల్లతో గుచ్చి ఉంది. కుర్చీ ఇంకా గుమ్మం దగ్గరే ఉంది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి ఆ చీకట్లో కుర్చీ ఎక్కిందంటే నాకు కాళ్ళు వణికాయి.

మా తోడికోడలు లేచి వచ్చి చూసి, నా మొహం చూసి, కుర్చీ తీసి లోపల పెట్టింది. పురోహితుడు వచ్చి కిందనుంచే వెళ్ళాడు. పెద్దాడపడుచు వచ్చి, "తోరణం ముచ్చటగా ఉంది, ఎవరు కట్టారే?" అన్నారు. నేను నోరు తెరిచేలోగా మా అమ్మాయి, "మా అమ్మమ్మ" అంది. ఆవిడ ఒక క్షణం ఆగి, "ఊఁ" అని లోపలికెళ్ళారు. ఇంకేమీ అనలేదు. తలంబ్రాల వేళకి వెనక్కి తిరిగి చూస్తే అమ్మ వంటింటి గుమ్మంలో ఉంది, గడపకి లోపలే. కిటికీ దగ్గర కాదు. మా అమ్మాయి ఆ గుమ్మం వైపు కూడా గుప్పెడు విసిరింది. ఆ బియ్యం నాలుగు గింజలు అమ్మ తెల్ల వెంట్రుకల్లో సాయంత్రందాకా ఉన్నాయి.

పదహారు రోజుల పండుగయ్యాక పందిరి పీకించాం. తోరణం ఆకులు ఎండి గోధుమరంగుకి వచ్చాయి కానీ మడతలు విడలేదు. పనివాడు చెత్తలో వేస్తుంటే అమ్మ వరండాలోంచి కేకేసింది. "ఆ పుల్లలు పారేయించకు. ఏరి కడిగి ఇలా ఇవ్వు. మళ్ళీ అంత సన్నవి దొరకవు."